రేకుల ఇంటి ముందు షామియానా

శ్రీహరిరావులో లోపం ఏమిటని ఎవరైనా అడిగితే బాలత్రిపురసుందరికి వెంటనే జవాబు తోచదు. తాగడు, పేకాడడు, కూరలో ఉప్పు తగ్గినా పల్లెత్తు మాట అనడు. ఆయన చేసే నేరం ఒక్కటే, సాయం చేస్తాడు. అడగనివాళ్ళకు మరీ ముందుగా చేస్తాడు. ఒకసారి కాచిగూడ స్టేషన్లో ఒక పెద్దాయన సామాను మోసి, సీటు వెతికి కూర్చోబెట్టి, రైలు కదిలేదాకా ఉండి చెయ్యి ఊపి వచ్చాడు. ఆ పెద్దాయన అప్పుడే ఆ రైలు దిగి ఇంటికి వెళ్ళబోతున్నాడని తరవాత తెలిసింది. వద్దు బాబూ వద్దు బాబూ అంటుంటే మొహమాటం అనుకున్నాడట.

గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఛత్రినాకలో చిన్న డాబా కట్టుకుని, ఆ మధ్యనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో రిటైరైన మనిషి. సర్వీసంతా ఆయనకు అప్పగించిన పని ఇన్‌స్పెక్షన్లు. పై అధికారి వస్తున్నాడంటే పూలకుండీలకు జేగురు పూయించడం, విరిగిన కుర్చీలను బాత్‌రూములో పెట్టి తాళం వేయించడం, ఏమైనా సమస్యలున్నాయా అని అధికారి అడగగానే ఒక అడుగు ముందుకు వేసి "ఏ సమస్యా లేదు సార్" అనడం. ఆ చివరి మాట అనడంలో ఆయనను మించినవాళ్ళు ఆ శాఖలో లేరు.

వాళ్ళ డాబా వెనక సందులో అన్నీ రేకుల ఇళ్ళే. అందులో రెండు బర్రెలు పెట్టుకుని ఆ చుట్టుపక్కల పాలు పోసే రాజమణి ఉంటుంది. ఏటికేడు ఎండలు ముదిరి, మే నెలలో ఆ రేకుల కింద మనుషులు ఉండలేని స్థితి వచ్చాక, సందులోని ఆడవాళ్ళందరినీ కూడగట్టి సంఘం పెట్టింది రాజమణే. రేకుల మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, కింద వెదురు తడక వేయించుకోవాలని వాళ్ళ ఆలోచన. బెంగుళూరులో ఒక ఫౌండేషన్ ఇలాంటి బస్తీలకు విరాళాలు ఇస్తుందని విని కబురు పంపారు. ఆ ఏప్రిల్లో రాజమణి కోడలు పూజిత చంటిపిల్లతో ఆ రేకుల కిందే ఉంది. పసిదాని ఒళ్ళంతా చెమటకాయలు. పిల్లను ఉయ్యాల్లో వేసే తొట్లె పండుగ కూడా వానలు పడ్డాకే చేస్తామని రాజమణి చుట్టాలకు చెప్పేసింది. మే ముదిరేలోగా ఆ పూత పడాలి, లేకపోతే పిల్లను ఎక్కడ దాచాలో ఆమెకు తెలియదు.

ఫౌండేషన్ ఆవిడ వచ్చే రోజున రాజమణి పాలు పోస్తూ శ్రీహరిరావుతో ప్రత్యేకంగా చెప్పింది.

"సారు, పగటీలి రెండింటికి మేడమ్ వస్తున్నది. మీరేం చెయ్యకుర్రి. మంచిగ ఇంట్ల పండుకోండ్రి, గంతే చాలు."

ఆమె వెళ్ళాక శ్రీహరిరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చూశావా సుందరీ, పాపం ఎంత మొహమాటపడుతోందో."

"మొహమాటం కాదండీ. బతిమాలుతోంది."

"నీకు తెలియదు. మా వైపు చాలు చాలు అంటే ఇంకో గరిటె వెయ్యమని."

"అది మీ వైపు. రాజమణిది ఛత్రినాక."

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

రాజమణి పాలు పోయడం ముగించుకుని, నాలా అవతలి ఆడవాళ్ళను పిలుచుకు రావడానికి అటునుంచి అటే వెళ్ళిపోయింది. ఆమె లేని ఆ కాస్త వ్యవధి శ్రీహరిరావుకు ధారాళంగా సరిపోయింది. రెండు గంటల ఎండలో పరాయి ఊరి ఆడపిల్లను నిలబెడతామా అనుకుని, టెంట్ హౌస్ ఓదెలు దగ్గరకు వెళ్ళి సందు మొత్తానికి షామియానా చెప్పాడు.

"ఏం ఫంక్షన్ సారు?" అన్నాడు ఓదెలు.

ఇన్‌స్పెక్షన్ సంగతి ముందుగా బయటికి పొక్కనివ్వకూడదన్నది శ్రీహరిరావు నియమం. "నీకెందుకయ్యా. పెద్ద కార్యక్రమం. రాజమణి ఇంటి ముందు. రెండు గంటలకల్లా అంతా చల్లగా ఉండాలి."

రాజమణి ఇంట్లో నెలల పసిపిల్ల ఉందని ఓదెలుకు తెలుసు. తొట్లె అనుకుని ఇంకేమీ అడగలేదు. "సమజైంది సారు. ఫికర్ చెయ్యకుర్రి," అని షామియానాతో పాటు మూడు పెద్ద కూలర్లు, ఎర్ర తివాచీ, బాతులూ తామరపూలూ అంటించిన థర్మోకోల్ కమాను కూడా పంపాడు. బాతులను చూసి శ్రీహరిరావు సంతోషించాడు. పర్యావరణం కార్యక్రమానికి ఇంత తగిన అలంకారం ఓదెలుకు ఎలా తట్టిందా అనుకున్నాడు.

ఆపైన ఆయన కళ్ళు ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి. వేడి ఆగడం కోసం రేకుల మీద అందరూ తడి గోనెసంచులు పరుచుకున్నారు. ఎంత అసహ్యంగా ఉన్నాయి. ఓదెలు మనుషులను పైకెక్కించి అన్నీ లాగించేశాడు. రాజమణి బర్రెలను కూడా పక్క సందులోకి తోలించాడు.

లోపలి నుంచి పూజిత గుమ్మం దాకా వచ్చి, "సంచులు తియ్యకుర్రి సారు, అత్త లొల్లి చేస్తది," అంది.

"మీ అత్తకు నేను చెబుతాలేమ్మా. నువ్వు రెస్టు తీసుకో," అన్నాడాయన దయగా.

ఛత్రినాకలో షామియానా లేచిన సంగతి ఫలక్‌నుమా చేరడానికి ఒక ఆటో చాలు. అక్కడ రాజమణి ఆడబిడ్డ నాగమణమ్మ ఉంటుంది. వానలు పడ్డాక చేస్తామన్న తొట్లెను తనకు చెప్పకుండా చేస్తున్నారని వినగానే ఆవిడ ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది. పిల్లకు గౌన్లు, వెండి మొలతాడు, తల్లికి చీర, ఏ క్షణంలోనైనా ఏడవడానికి సిద్ధంగా ఉన్న ముఖం, అన్నీ తీసుకుని దిగింది.

దిగిన జనాన్ని చూసి శ్రీహరిరావు ఉప్పొంగిపోయాడు. ప్రజాస్పందన అంటే ఇదీ అనుకున్నాడు. ఎదురెళ్ళి పన్నీరు చల్లాడు.

"రండి రండి. ముందు వరసలో కూర్చోండి. కార్యక్రమం సరిగ్గా రెండు గంటలకు."

"నువ్వన్న పిలిచినవ్ అన్నా," అంది నాగమణమ్మ ముక్కు చీదుతూ. "సొంత మేనత్తకు కబురు లేదు."

"మీలాంటివాళ్ళు రావాలనే కదమ్మా ఇదంతా," అన్నాడు శ్రీహరిరావు. ఆవిడ దేనికి మేనత్తో ఆయనకు అర్థం కాలేదు. అయినా సమావేశాలకు రకరకాల మనుషులు వస్తారు.

రాజమణి తిరిగివచ్చేసరికి సందు చివర బాతులు కనిపించాయి. ఆమె వెనక సంఘం ఆడవాళ్ళంతా ఆగిపోయారు. బాలత్రిపురసుందరి ఎదురెళ్ళి, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

"నేను ఆపలేకపోయాను రాజమణీ."

"నువ్వేం చేస్తవ్ అమ్మా. గాలిని ఆపుతామా ఏంది," అంది రాజమణి. నడుం మీద చెయ్యి పెట్టుకుని జరిగినదంతా ఒకసారి చూసుకుంది. ఇది తొట్లె కాదంటే వచ్చిన చుట్టాలను వాపసు పొమ్మన్నట్టే. నాగమణమ్మ వచ్చే దసరా దాకా ఆ మాట పట్టుకుని ఏడుస్తుంది. రాజమణి చీర కొంగు బొడ్లో దోపుకుని ముందుకు నడిచింది. "వొదినా, వచ్చినవా. నువ్వు లేకుంట యెట్లయితదే. కూసో కూసో, మజ్జిగ తాగు."

ఎవరి గోల వాళ్ళదైన సమయంలో కూడా కబురు చెయ్యని చుట్టానికి కన్నీళ్ళు ఆగిపోయేలా పలకరించగలగడం చూసి బాలత్రిపురసుందరికి ఆమె మీద ఉన్న గౌరవం మరో మెట్టు ఎక్కింది. తను పొద్దున్న చేసిన పులిహోరను జనానికి సరిపెట్టే మార్గం ఆలోచిస్తూ ఇంటికి పరుగెత్తింది.

రెండు గంటలకు మైథిలి ఆటో దిగింది. ఫౌండేషన్లో పని చేసే పిల్ల, భుజాన గుడ్డసంచి, మొహం కందిపోయి ఉంది. శ్రీహరిరావు ఆమెను తివాచీ మీదుగా నడిపించి, మూడు కూలర్లకూ మధ్యన ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆ అమ్మాయి చున్నీ భుజాల చుట్టూ కప్పుకుంది.

"మామూలుగా కూడా ఇక్కడ ఇంత చల్లగానే ఉంటుందాండీ?" అంది బాతుల వంక చూస్తూ. "ఎండాకాలం ఇళ్ళల్లో ఉండలేకపోతున్నామని కబురు చేశారు. ఇక్కడ సమస్యలేమిటో తెలుసుకుందామని వచ్చాను."

సమస్యలు అన్న మాట చెవిన పడగానే శ్రీహరిరావు కాళ్ళు వాటంతట అవే ఒక అడుగు ముందుకు వేశాయి.

"ఏ సమస్యా లేదు మేడమ్," అన్నాడు.

సంఘం ఆడవాళ్ళంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగారు. రాజమణి నోరు తెరిచేలోగా నాగమణమ్మ లేచి నిలబడింది. ఆవిడకు కావలసింది ఒక్కటే. పెద్దమనిషి వచ్చింది, ముహూర్తం మించిపోతోంది.

"ఇగ పిల్లను తొట్లె వేద్దాం పార్రి. మేడమ్ చేతుల మీద వేద్దాం. దేవతలెక్క ఉన్నది."

"పిల్లకు పేరు పెట్టేటప్పుడు పెద్దాయన ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలిగా," అని జనంలోంచి ఎవరో అన్నారు. ఆ గొంతు ఎవరిదో తరవాత ఎంత విచారించినా తేలలేదు. బాలత్రిపురసుందరి మాత్రం అప్పుడు పులిహోర వడ్డిస్తూ అక్కడే ఉంది.

అలా మైథిలి, శ్రీహరిరావు, నాగమణమ్మ, ఆవిడ వెంట వచ్చిన ఆడవాళ్ళంతా రాజమణి ఇంట్లోకి వెళ్ళారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంటి పాలు తాగుతున్నా శ్రీహరిరావు ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. లోపల అడుగు పెట్టగానే ఎవరో వేడి ఆవిరి పట్టిన దుప్పటి తల మీద కప్పినట్టయింది. గోనెసంచులు లేని రేకులు కాగిన పెనంలా ఉన్నాయి. ఆయనను పీట మీద కూర్చోబెట్టి, పిల్లను ఒళ్ళో పెట్టి, నాగమణమ్మ తొట్లె పాట ఎత్తుకుంది. ఆవిడకు వచ్చిన పాటలు తక్కువ, వాటిలో చరణాలు మాత్రం ఎక్కువ. పాట పూర్తి కాకుండా పిల్లను దించకూడదు.

రెండో చరణానికి శ్రీహరిరావు చొక్కా వీపుకు అంటుకుంది. తల ఎత్తి చూస్తే ఫ్యాను రెక్కలు నీరసంగా, ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి.

"ఫ్యాను ఎందుకమ్మా అంత మెల్లిగా?" అన్నాడు పూజితతో, గొంతు తడి లేక.

"బైట కూలర్లు పెట్టినంక కరెంటు గుంజుతలేదు సారు. లేకుంటె జెర మంచిగనే తిరుగుతది."

ఆయన ఒళ్ళో పిల్లను చూశాడు. మెడ కిందా చంకల్లోనూ ఎర్రటి పొక్కులు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు నోరు తెరిచి మూసింది. శ్రీహరిరావు జేబురుమాలుతో ఆ పిల్లకు విసరడం మొదలుపెట్టాడు. మిగిలిన చరణాలన్నీ అయ్యేదాకా విసురుతూనే ఉన్నాడు.

అందరూ బయటికి వచ్చాక మైథిలి కుర్చీ వద్దని తివాచీ మీద కూర్చుంది. సంఘం ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"ఏసీలు మాకు లేవు, కార్లు మాకు లేవు," అంది రాజమణి. "ఎండ మాత్రం అందరికన్న ముందుగాల మా ఇంటికొస్తది."

"మా ఆఫీసులో దీనికే వాతావరణ న్యాయం అని పెద్ద పేరు పెట్టుకున్నామండీ," అంది మైథిలి. "పూత ఎవరింటి నుంచి మొదలుపెడదామనుకుంటున్నారు?"

"నాలా అవతల నుంచి. గాడ ఇంకా అధ్వానం. నా ఇల్లు ఆఖరికి. సంఘం పెద్ద తన ఇల్లే ముందు చేసుకున్నదని అనిపించుకోను."

"అంటే అననీ," అంది నాలా అవతల నుంచి వచ్చిన ముసలి ఆగమ్మ. "పసిపిల్లలున్న ఇండ్లు ముందు చెయ్యాలె, గాడయినా సరే, గీడయినా సరే. నీ పెద్దరికం కోసం పిల్లను ఉడకబెడతవా ఏంది. ఏమంటరే?"

చేతులన్నీ లేచాయి. రాజమణి తనకు వ్యతిరేకంగా లేచిన ఆ చేతులను వరసగా చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమట కావచ్చు. మైథిలి చెయ్యి లేపలేదు, కాదనలేదు, సలహా చెప్పలేదు. విని తల ఊపింది.

శ్రీహరిరావుకు ఇదంతా వింతగా ఉంది. "మరి ఫైనల్‌గా శాంక్షన్ చేసేది ఎవరండీ?" అని అడిగాడు.

"ఇప్పుడే చేశారు కదండీ, వాళ్ళు," అంది మైథిలి. "డబ్బు పంపడం వరకే మా పని. పై వారమే మొదలుపెట్టుకోవచ్చు."

శ్రీహరిరావు వెళ్ళి మూడు కూలర్లూ ఆపేశాడు. లోపల ఫ్యాను ఊపందుకున్న చప్పుడు సందులోకి వినిపించింది. ఓదెలు మనుషులను పిలిచి గోనెసంచులు తడిపి మళ్ళీ పరవమన్నాడు. చివరికి అందరి ముందుకూ వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నేను తప్పు చేశాను. ఏ సమస్యా లేదన్నది తప్పు. రాజమణి ఏం చెయ్యొద్దంటే చెయ్యమన్నట్టు అనుకోవడం అంతకన్నా తప్పు. పొద్దున్నే మా ఆవిడ చెప్పింది."

ఇంతమంది సాక్షులు ఉన్నారు కదా అని, బాలత్రిపురసుందరి ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగలేదు.