లెక్కకు రాని చల్లదనం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, శుభవార్త చెబుతాను. బుడాపెస్టు శివారులో మా తోటలపేట భవిష్యత్తు బాగుపడింది. అంతకుముందు దానికేం లోటంటారా, అదే చెప్పబోతున్నా.

వందేళ్ల కిందట పేట కట్టినవాళ్లు ఒట్టి అమాయకులు. ఇంటికి నాలుగేసి పళ్లచెట్లు నాటి తాళంచెవి చేతికిచ్చారు. ఎతెల్కా ముసలమ్మ వాకిట్లో వాటిలో ఒక్క పుల్లచెర్రీ చెట్టు మిగిలింది. జూన్ వస్తే వీధి వీధంతా బకెట్లతో దిగేది, చెర్రీ చారు కాచి, చల్లార్చుకుని తాగేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె ఆ నీడలోనే గడిపేది. ఇంట్లో ఉక్కకు ఆమె గుండె తట్టుకోదని డాక్టరే చెప్పాడు.

ఇంతలో సుస్థిర భవిష్యత్ సంఘం వెలిసింది. అధ్యక్షుడు బర్నబాష్, మహా మర్యాదస్థుడు. ఎండలు ముదురుతున్నాయి గనక ప్రజలకు చల్లని చోటు కావాలని కనిపెట్టాడు. ఎతెల్కా గోడ పక్కన ఒక ఇనుప గొడుగు, దాని కింద ఫ్యాన్లు, ఫ్యాన్ల కరెంటుకు గొడుగు మీద సోలార్ ప్యానెళ్లు. ప్యానెళ్ల మీద నీడ పడరాదు. పడేదల్లా చెర్రీ చెట్టు నీడ.

సభ పెట్టారు. పచ్చదనాన్ని ప్రేమించేవాళ్లు చేతులెత్తమన్నాడు బర్నబాష్. అందరూ ఎత్తారు. ఎతెల్కా అయితే సంబరంగా రెండు చేతులూ ఎత్తింది. ప్రణాళికకు ఏకగ్రీవ ఆమోదం అని రాసుకున్నారు. ఆమెవి రెండు ఓట్లు.

ప్రణాళిక అంటే తన చెట్టు కొట్టేయడమని తెలిశాక ఆమె లేచింది. "నాయనా, చల్లదనానికేగా ఈ గొడుగు? నా చెట్టు కింద చల్లగానే ఉంటుందిగా."

"మీ చేతికి ముద్దు, పెద్దమ్మగారూ," అన్నాడు బర్నబాష్, పెద్దావిడలను పలకరించే పేట మర్యాద తప్పకుండా. "ఉంటుంది, కాదనను. కానీ అది లెక్కకు రాని చల్లదనం. దానికి మీటరు లేదు. నివేదికలో ఏమని రాయమంటారు?"

ఎతెల్కా చుట్టూ చూసింది. అందరూ ఆమె చెర్రీలు తిన్నవాళ్లే. అందరూ బూట్లు చూసుకుంటున్నారు. పక్కింటి గిజెల్లా ఆమె గౌను అంచు లాగి, "ఊరుకో అక్కా. గేటుకి 'హరిత గృహం' అని బోర్డు ఇస్తారట. ఇళ్లకు ధర పలుకుతుంది," అంది.

చెట్టు కొట్టేశారు. వృథా మహాపాపం కదా, ఆ చెక్కతోనే బోర్డులు చేయించారు. ఎతెల్కాకు రెండిచ్చారు.

జూలై మధ్యాహ్నం ప్రారంభోత్సవం. ఇనుము పెనంలా కాగింది. ఫ్యాన్లు శ్రద్ధగా వడగాలి వడ్డించాయి. ఉపన్యాసం రెండో పేజీకి వచ్చేసరికి అధ్యక్షుడితో సహా జనమంతా గిజెల్లా వాకిట్లో అక్రోటు చెట్టు కిందికి చేరారు. మిగతా పేజీలు అక్కడే చదివి, ఈ స్థలం ఎంతో అనుకూలంగా ఉంది గనక రెండో గొడుగు ఇక్కడే వేయాలని తీర్మానించారు. గిజెల్లా కూడా సరేనంది. తలమీద తడిగుడ్డతో గడపలో కూలబడ్డ ఎతెల్కా ఒక్కతే వద్దంది. అభివృద్ధికి అడ్డుపడే మనిషి అని ఆమె పేరు రాసుకున్నారు.

ఇది గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. ఎక్కడైనా నీడ మిగిలుంటే అక్కడ కూర్చుని చెప్పండి. కాస్త మెల్లగా సుమా. ఆ పదిమందిలో నలుగురు సంఘం మెంబర్లే అయి ఉంటారు. వాళ్లలో ఒకరు మీరు కాదు కదా?