నీలం అంగీ కాలిన రోజు

ఆ రోజు దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే. బడి వార్షికోత్సవ నాటకానికి బోధకుడి అంగీ ఇస్త్రీ చేసి అప్పగించి, ఓ కునుకు తీయడం. ఏటా అదే నాటకం. ఊరందరికీ ఉపవాసం బోధించే బోధకుడు, అంగీ చేతుల్లో దాచిన అరటిపళ్ళను గుటకాయస్వాహా చేస్తుంటాడు. వేషం లెక్కల మాస్టారిది. అంగీ మాత్రం నీలం, అంటే కింది వీధి మతం వాళ్ళది. చూసే జనంలో నూటికి తొంభైమంది పై వీధి వాళ్ళు. వాళ్ళ బోధకులది గోధుమరంగు. దర్జీదీ పై వీధే.

"ఏమండీ, కుళాయి ఊడొచ్చింది, ఓసారి రండి" అని భార్య లోపల్నుంచి పిలిచింది. కుళాయి బిగించి వచ్చేసరికి నీలం అంగీ వీపున ఇస్త్రీపెట్టె అచ్చు గుద్దినట్టు కాలి ఉంది. సెలవురోజు, దుకాణాలు మూత. ఇంట్లో అంత గుడ్డ గోధుమరంగుదే ఉంది.

"రంగు ఏదైతేనేం, తినేది అరటిపండేగా" అన్నాడు.

"తినేది అరటిపండే. చూసేది మనవాళ్ళు" అంది ఆవిడ. మిషను చప్పుడులో ఆ మాట అతనికి వినపడలేదు.

సాయంత్రం తెర లేచింది. మొదటి పండుకి ఎవరూ నవ్వలేదు. రెండో పండుకి ఎవరో దగ్గారు. మూడోదానికి తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు లేచాడు.

"ఆపండి. ఇది మన మతాన్ని వెక్కిరించడం."

హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "మొన్న రిహార్సల్లో మీరే పొట్ట పట్టుకుని నవ్వారు కదండీ."

"మొన్న అంగీ నీలం."

"మాటలు అవే కదండీ."

"మాటలు అవే. మనోభావాలు వేరు."

అధ్యక్షుడు వేదిక ఎక్కి, దర్జీనీ ఎక్కించాడు. "అంగీ కాలిపోయిందండీ, అందుకని..." అన్నాడు. ఆ మాట నాలుగు వరసలు దాటేసరికి, మన బోధకుడి అంగీ తగలబెట్టారట అయింది. గుమ్మం చేరేసరికి బడి తగలబడుతోందట అయింది. కాపలాదారు బకెట్టు పట్టుకుని ఉరికొచ్చి, పొగ కనపడకపోయినా తెచ్చిన నీళ్ళు వృథా కాకూడదని వేదిక మీద కుమ్మరించాడు. అధ్యక్షుడు నిలువునా తడిశాడు.

"ఈ ఏడు పిల్లల యూనిఫారాలు వీడికివ్వకండి" అన్నాడు మొహం తుడుచుకుంటూ. దర్జీకి ఏడాది గ్రాసం ఆ యూనిఫారాలే.

అప్పుడు చివరి వరసలో కింది వీధి బోధకుడి తల్లి మెల్లగా లేచింది. "నాయనా, ఏటా మేం ఇక్కడే కూర్చుని నవ్వుతున్నాం. ఒక్క ఏడాది మీరు నవ్వలేరా?"

ఆవిడ ఏటా వస్తుందన్న సంగతే దర్జీ ఎన్నడూ గమనించలేదు. అంతా మొదటి వరసలోని పై వీధి బోధకుడి వంక చూశారు. ఆయన రుమాలు నోట్లో కుక్కుకుని, భుజాలు కుదుపుకుంటూ, కళ్ళనీళ్ళు కారుస్తున్నాడు. ఏడుస్తున్నాడనుకుని అధ్యక్షుడు దిగొచ్చి ఓదార్చబోయాడు.

"జరగవయ్యా, అడ్డం" అన్నాడాయన ఎలాగో రుమాలు తీసి. "నాలుగో పండు ఎక్కడ దాచాడో చూడనీ."

మాస్టారు నాలుగో పండు మెడ వెనకనుంచి లాగాడు. హాలంతా గొల్లుమంది. చివరి వరసలో ముసలావిడ కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. యూనిఫారాలు దర్జీకే దక్కాయి.

వచ్చే ఏడాది నుంచి నాటకంలో బోధకుడికి బదులు గాడిద ఉండాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. గాడిదలకి ఇంకా సంఘం లేదు.