స్కేలు మేడమ్ నీలం గళ్ళు

ఎదుటి మనిషి తప్పు మాట్లాడుతుంటే మధ్యలోనే సరిదిద్దడం మాటకు అడ్డురావడం కిందికి వస్తుందా? నెల రోజులుగా మా ఇంట్లో ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. చెప్పబోయినవారిని నేనే పూర్తిచేయనివ్వలేదని మా ఆయన అభిప్రాయం.

తొమ్మిదేళ్ళ మా మనవరాలు బడిలో ప్రదర్శనకు ఎంచుకున్న అంశం: ‘మా ఇంట్లో మాటకు అడ్డొచ్చేది ఎవరు?’ లోకంలో పిల్లలందరూ అగ్నిపర్వతాలు చేసుకుంటూ ఉంటే మాకు ఈ పిల్ల దొరికింది. ముప్పై రోజులు పుస్తకంలో గీతలు పెట్టింది. ఒక్కో గీతకు ఒక్కో రంగు కాగితపు గడి కత్తిరించి, అట్ట మీద ఒకదానిపై ఒకటిగా అంటించింది. కోడలివి పసుపు, ముప్పై రెండు. మా అబ్బాయివి ఆకుపచ్చ, ఇరవై ఏడు. మా ఆయనవి ఎరుపు, తొమ్మిది. నావి నీలం, నూట నలభై మూడు. నా వరుస పట్టక, అట్టకు పైన ఇంకో అట్ట అతికించవలసి వచ్చింది.

అదే బడిలో ముప్పై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. పిల్లలు చాటుగా నన్ను ‘స్కేలు మేడమ్’ అనేవారు, నాకు తెలియదనుకునేవారు. ప్రదర్శన నియమాలు నేను రాసినవే. ‘పెద్దల చెయ్యి పడిన ప్రాజెక్టుకు బహుమతి లేదు’ అన్న నాలుగో నియమం ఇప్పటికీ అచ్చవుతోంది. తండ్రులు కట్టిన వంతెనలను, తల్లులు వేసిన సూర్యోదయాలను దానితోనే పక్కన పెట్టించాను. అటువంటి నేను, నా పాత విద్యార్థుల ఎదుట, నీలం గోపురమై నిలబడాలా?

సరిదిద్దడం వేరు, అడ్డురావడం వేరు అని మనవరాలితో వాదించాను.

“వాక్యం అయిపోయాక దిద్దొచ్చు కదా నానమ్మా,” అంది.

ఆ వాక్యమైనా చివరిదాకా విన్నానో లేదో గుర్తులేదు. పుస్తకంలో మాత్రం గీత పడింది.

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం, పిల్ల బడిలో ఉండగా, పాత పత్రికల్లో చుట్టిపెట్టిన అట్టను విప్పాను. ఎనభై నీలం గళ్ళను బ్లేడుతో ఊడదీశాను. ఎర్ర కాగితం కొలిచి, ఎనభై గళ్ళు కత్తిరించి, మా ఆయన వరుస మీద అంటించాను. తలెత్తేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు.

“మన పెళ్ళయ్యాక నేను మాట్లాడినవే అన్ని ఉండవు,” అన్నారు.

“పోనీ, ఇలాగైనా పేరొస్తుంది.”

“పిల్లకి తెలిస్తే...”

“తెలియదు.”

“నూట నలభై నాలుగు,” అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేను అట్టను మళ్ళీ ఎప్పటిలాగే చుట్టేశాను.

మర్నాడు హాలు నిండా మట్టి బొమ్మలు, నీటిరంగుల చిత్రాలు, నిమ్మకాయలతో వెలిగే బల్బులు. మనవరాలు అట్ట విప్పింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. బహుమతులు నిర్ణయించే సైన్సు మాస్టారు ఒకప్పుడు నా విద్యార్థి. అతను ఎర్ర వరుస దగ్గర వంగాడు. కింది తొమ్మిది గళ్ళు వంకరటింకర. ఏ రెండూ ఒక్కలా లేవు. పై ఎనభై సరిగ్గా సెంటీమీటరు చొప్పున, నాలుగు మూలలూ లంబకోణాలే. దొంగపని చేస్తున్నప్పుడు కూడా వంకరగా కత్తిరించడం నా చేత కాలేదు.

“పైనున్నవి ఎవరు కత్తిరించారమ్మా?” అని అతను పిల్లను అడిగాడు. చూపు మాత్రం నా మీదే ఉంది.

పిల్ల తల వంచుకుంది. నన్ను పట్టివ్వదు, అబద్ధమూ చెప్పదు. నా ముప్పై ఒక్కేళ్ళ బోధనలో అంత కఠినమైన శిక్ష నేనెవరికీ వేయలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “అవి నేనే కత్తి...”

“కాదు, నేను,” అన్నాను.

మనవరాలు జేబులోంచి వంకర నీలం గడి ఒకటి తీసి, జిగురు రాసి, నా వరుస మీద అంటించింది. హాలంతా నవ్వింది.

ఈసారికి నాలుగో నియమం సడలిస్తానని మాస్టారు అన్నాడు.

“అది నానమ్మ రాసిన నియమం కదా సార్,” అంది పిల్ల.

బహుమతి నిమ్మకాయల బల్బుకు వెళ్ళింది. ఇంటికి వచ్చే దారంతా మనవరాలు నా చెయ్యి పట్టుకునే నడిచింది. పట్టుకోకపోయి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మీరు నవ్వబోతున్నారని తెలుసు. ముందు మీ ఇంటి గోడకు ఒక అట్ట తగిలించండి. ముప్పై రోజులు ఉంచండి. కత్తెర పిల్లల చేతికివ్వండి, మీరు ముట్టుకోకండి. ఆ తరువాత వచ్చి నవ్వండి.