అర్బెలాయెస్ వారి పక్షవాతం

ఆంతియోకియా కొండల్లోని అర్బెలాయెస్ వంశస్థులకు తెలియజేయడమేమనగా, మనవాళ్లు యాభై దాటీ దాటకముందే పక్షవాతంతో పడిపోవడానికి కారణం దిష్టి కాదు, రక్తంలో దిగివస్తున్న జన్యులోపం. ఆదివారం ప్రార్థన కాగానే చర్చి మెట్ల మీద నిలబడి ఈ శుభవార్త ప్రకటించినవాడు ఎవేలియో, ఆ వంశానికి పెద్ద.

పక్కనే ఉన్న కూతురు నొహేలియా అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఇద్దరు బాబాయిలు పడిపోవడం కళ్లారా చూసిన పిల్ల. మెదెయీన్ నగరం నుంచి రక్తపరీక్షలు చేయడానికి వచ్చిన డాక్టరమ్మ మాటలు శ్రద్ధగా విన్నది. లోపం ఉన్నవారి బిడ్డకు అది రావచ్చు, రాకపోనూవచ్చు. వచ్చినా కొంప మునగదు, బీపీ మాత్ర వేసుకుని సిగరెట్లు మానితే ముప్పు తగ్గుతుంది. డాక్టరమ్మ చేసిన పొరపాటల్లా, ఇదంతా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండాలని నోరు జారడం.

ఎవేలియో చెవికెక్కింది ఆ ఒక్క ముక్కే. పూర్వీకుడంటే ఇంకెవరు, ఈ ఊరు కట్టిన దొన్ క్రిసాంతో! అడ్డమైనవాడూ ఆయన మునిమనవణ్ణని చెప్పుకుంటున్న రోజుల్లో రక్తపరీక్షతో సహా రుజువు దొరికింది. తనకు లోపం ఉందని తేలిన సాయంత్రం ఎవేలియో పందిని కోయించి, ఊరందరికీ సోంపు సారా పోయించాడు. లేదని తేలిన అతని పినతండ్రి కొడుకు హిల్దార్దో ముఖం చెల్లక గడప దాటలేదు. పాపం, వాళ్లమ్మ గురించి మార్కెట్లో ఆడవాళ్లు ఎంతో మర్యాదగా గుసగుసలాడుకున్నారు.

"నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ మాత్ర వేసుకో" అంది నొహేలియా.

"పిచ్చిమొహమా! క్రిసాంతో ఇచ్చి పోయినదాన్ని మాత్రలతో కడిగేసుకుంటామటే?" అని ఎవేలియో ఇంకో సిగరెట్ వెలిగించాడు.

ఊరి పండుగనాడు వేదికెక్కాడు. "మహాజనులారా! కొందరు పరువును కొనుక్కుంటారు. మాకు మాత్రం నరనరానా..." అంటుండగానే మాట ముద్దయింది, మూతి ఒక పక్కకు జారింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నొహేలియా ఒక్కతే గావుకేక పెట్టి, తండ్రిని జీపులో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి దక్కలేదు.

"నాన్నా, నా పరీక్ష కూడా వచ్చింది. నాకు లేదు నాన్నా!" అంది ఆమె మంచం పక్కన, సంతోషం పట్టలేక వెక్కివెక్కి ఏడుస్తూ.

ఎవేలియో కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు వేయమని ఎడమచేత్తో సైగ చేశాడు.

"ఎవరితోనూ అనకే తల్లీ" అన్నాడు, మాట కూడదీసుకుంటూ. "పెళ్లి కావలసిన పిల్లవి."