కొండపాకలో కెప్టెన్ సాబ్ గుంత

"సిద్దిపేట జిల్లాకు వందేళ్లుగా ఉన్న ఒక పెద్ద లోటు ఈరోజుతో తీరిపోయింది" అని జిల్లా వారసత్వ కమిటీ చైర్మన్ రాధాకిషన్ గారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. ఆ లోటు ఉన్నట్టు అంతవరకు మా విలేకరులెవరికీ తెలియదు. ఉన్న లోటును ఎవరైనా తీరుస్తారు. ఎవరికీ తెలియని లోటును కనిపెట్టి మరీ తీర్చేవాడే నాయకుడు.

రాధాకిషన్ గారిది సిమెంటు, ఇనుము వ్యాపారం. పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేక చరిత్ర ఇచ్చింది. జిల్లాలో ఉన్న గుళ్లకూ కోటలకూ అప్పటికే కమిటీలు ఉండటంతో ఆరునెలలుగా ఆయన ఖాళీ చరిత్ర కోసం వెతుకుతున్నారు. చివరికి కోడలు వర్షిత ఇంటర్నెట్‌లో కెప్టెన్ హార్విల్ అనే తెల్లదొర డైరీని పట్టుకుంది.

ఈ హార్విల్ సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బు వేషం వేసి, ఒంటె ఎక్కి, శత్రువుల రైలు పట్టాలు పేల్చినవాడు. యుద్ధం లేని రోజుల్లో ఇసుకలో పాత నగరాలను తవ్వినవాడు. అంతటివాడు 1921 మే నెలలో మన వైపు వచ్చి డైరీలో ఇలా రాసుకున్నాడు: "కొండపాక. ఎండ. తవ్వాను. ఏమీ లేదు."

"నాలుగంటే నాలుగు ముక్కలు" అన్నారు చైర్మన్ గారు. "అండ్ల మొదటిదే మన ఊరు!"

"ఏమీ లేదని రాసిండు గద సార్?" అన్నాను నేను.

"యుద్ధం చేసినోడు ఉన్నది ఉన్నట్టు రాస్తడా తమ్మీ? ఏమీ లేదన్నడంటే చానా ఉన్నట్టు."

ఈ మాట మా పత్రికలో మొదటి పేజీలో వచ్చింది.

మర్నాడు కమిటీ మూడు కార్లలో కొండపాక వెళ్లింది. కెప్టెన్ గారు తవ్విన గుంత ఎక్కడుందో కనిపెట్టాలి. గుంతలకు కొదవేం లేదు, వచ్చేదారిలోనే పదకొండు లెక్కపెట్టాం. చైర్మన్ గారు వాటిని పరిశీలించి, ఇవి రోడ్డు కాంట్రాక్టర్ నాటివని తేల్చారు. మధ్యాహ్నానికి యాదవ్వ అనే ముసలామె చేనులో ఒక మూలన చక్కగా నలుచదరంగా ఉన్న గుంత దొరికింది. చైర్మన్ గారు టేపుతో కొలిచి, చెప్పులు విడిచి, దండం పెట్టారు.

"సేటూ, గది పెంటబొంద" అంది యాదవ్వ. "ఎరువు కోసం నేను, మా ఆయన కలిసి తవ్వినం. ఆయన పోయి పదేండ్లాయె."

చైర్మన్ గారు మా వైపు తిరిగారు. "రాసుకోన్రి. కెప్టెన్ సాబ్ గుంత ఎవల కంట పడకుండ గీ అవ్వ ఇన్నేండ్లు పెంట కప్పి కాపాడింది. గిదీ దేశభక్తి!"

ఆమెకు శాలువా కప్పారు. ఈలోగా వెనక నుంచి కమిటీవాళ్లు చేను చుట్టూ కంచె నాటారు, బోర్డు కూడా పెట్టారు: 'రక్షిత ప్రాంతం. దున్నరాదు. విత్తరాదు.'

"ఇంక నాలుగొద్దులల్ల మిరుగం వస్తది సేటూ. మక్కలు ఏడ పెట్టాలె?"

"నీ పేరు చరిత్రల ఉంటదవ్వా."

"చరిత్రల మక్కలు మొలుస్తయా?"

ఆ అరెకరంలో పండే మొక్కజొన్నే యాదవ్వకు ఏడాది తిండి. మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటితే విత్తనానికి అదను పోతుంది. అయినా విలేకరిని కదా, శాలువా ఫొటో తీసుకుని వచ్చేశాను.

పన్నెండు రోజుల్లో మంత్రిగారి చేత గుంత జాతికి అంకితం కావాలి. చైర్మన్ గారు కెప్టెన్ లాగే అరబ్బు వేషంలో వేదిక ఎక్కాలని నిర్ణయించుకుని టైలర్ అన్సార్‌ను పిలిపించారు.

"సేట్‌సాబ్, నేను పుట్టింది పెరిగింది సిద్దిపేటల. అరబ్బోళ్ల అంగి నాకేం ఎరుక?"

"నీకే ఎరుక లేకుంటే నాకెట్ల ఎరుకైతది అన్సార్ భాయ్?"

అన్సార్ టేపు తీసి కొలతలు తీసుకున్నాడు. స్కూల్లో క్రిస్మస్ నాటకానికి గొర్రెల కాపరికి కుట్టిన అంగీనే కాస్త వదులు చేసి కుట్టిచ్చాడు.

ఇక కెప్టెన్ జీవితచరిత్రను, పొడుగాటి బట్ట మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటం మీద వేయించి, కథ చెప్పించాలి. చేర్యాల నుంచి ప్రసూన అనే చిత్రకారిణి వచ్చింది. చైర్మన్ గారు ఒంటె, రైలు, బాంబు అన్నీ వివరించారు. ఆమె ఓపిగ్గా విని ఒకే ఒక ప్రశ్న వేసింది.

"పటం ఏ కులపోళ్లకు సార్?"

"జిల్లాకు!"

"జిల్లా కథ వినదు గద సార్. మా తాతల నాటి సంది పటమంటే ఒక కులానిదే. వాళ్ల మూలపురుషుని కథ అండ్ల ఉంటది. కథ చెప్పేటోళ్లు గా ఇండ్లకే పోతరు, గా ఇంటోళ్లే అన్నం పెడ్తరు. ఇంటోళ్లు లేని కథకు నేను కుంచె పట్ట."

కమిటీ నిర్ఘాంతపోయింది. ఇంగ్లండులో పుట్టి, ఎడారిలో పోరాడి, కొండపాకలో తవ్విన కెప్టెన్ సాబ్‌కు కులం లేదని వందేళ్ల తర్వాత బయటపడింది. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. రెండు కుల సంఘాల పెద్దలు పోటీపడి వచ్చారు.

"పట్టాలు పేల్చిండంటేనే తెలుస్తలేదా? గా పౌరుషం మా రక్తం" అన్నారు మొదటి సంఘం పెద్ద.

"భూమి తవ్వేటోడు మావోడు గాక ఇంకెవలు?" అన్నారు రెండో సంఘం పెద్ద.

మాటా మాటా పెరిగింది. కుర్చీలు లేచాయి. కెప్టెన్ బతికున్నప్పుడు కూడా ఇంత యుద్ధం చూసి ఉండడు. అప్పుడు మూలన కూర్చున్న ప్రసూన నెమ్మదిగా అంది:

"ఎవలోడైనా సరే. కథ మూడొద్దులు నడుస్తది. కథ చెప్పేటోళ్ల మేళం పన్నెండు మంది. మూడొద్దుల తిండి, కోసెటందుకు ఒక యాటపోతు, గా కులపోళ్లదే బాధ్యత."

లేచిన కుర్చీలు కిందికి దిగాయి.

"డైరీ మీది ఫొటోల ముక్కు చూస్తే మావోని లెక్క కొడ్తలేడు" అన్నారు మొదటి పెద్ద.

"మావోళ్లు ఎవలూ ఒంటె ఎక్కరు" అన్నారు రెండో పెద్ద. ఇద్దరూ లేచి చేతులు కలుపుకున్నారు. ఎదుటివారి కులానికే ఈ గౌరవం దక్కాలని ఒకరినొకరు బలపరుచుకున్నారు.

"మావోడే" అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది.

యాదవ్వ. కంచె తీయమని అడగటానికి రోజూ వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటోంది. ఎవరూ పలకరించలేదు కనుక అంతా వింటోంది.

"ఎట్ల అవ్వా?" అన్నారు చైర్మన్ గారు ఆశగా.

"నా చేన్ల తవ్విండని నువ్వే అంటివి. మంది చేన్ల ఎండల వడి ఎవడన్న ఊకె తవ్వుతడా? ఇంటోడైతేనే తవ్వుతడు."

కమిటీలో ఎం.ఏ. చదివినవారు ఇద్దరున్నారు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరున్నారు. ఈ తర్కంలో ఎవరికీ తప్పు దొరకలేదు.

"మూడొద్దుల అన్నం నువ్వే పెడ్తవా?"

"ఇంటోనికి పెట్టకుంటె ఎట్ల? యాట నాకున్నది. కని నాకు కాయితం రాసియ్యి."

చైర్మన్ గారు అక్కడికక్కడే లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు: 'కెప్టెన్ హార్విల్ గారు కొండపాక వాస్తవ్యురాలు యాదవ్వ గారి ఇంటివారేనని, సదరు గుంత, చేను వారి కుటుంబానివేనని కమిటీ ఏకగ్రీవంగా ధ్రువీకరించడమైనది.' సంతోషంలో ముద్ర రెండుసార్లు వేశారు.

అంకితం రోజు వచ్చింది. ఎర్రటి పటం విప్పారు. పెద్ద కళ్లతో, మెలితిప్పిన మీసంతో, తలమీద కిరీటంతో కెప్టెన్ సాబ్ ఒంటె మీద దర్శనమిచ్చారు. వేదిక మీద చైర్మన్ గారు గొర్రెల కాపరి అంగీలో చెమటలు కక్కుతూ నిలబడ్డారు. కథ మొదలుపెట్టే ముందు మేళం పెద్ద ఆనవాయితీ ప్రకారం, "ఇంటోళ్లు ఎవలు?" అని పిలిచాడు. యాదవ్వ వేదిక ఎక్కి, తన కాగితాన్ని మైకు ముందున్న మంత్రిగారి చేతిలో పెట్టింది.

మైకు ముందు చేతికి ఏ కాగితం వచ్చినా గట్టిగా చదవడం మంత్రిగారికి అలవాటు. చదివారు. ధ్రువీకరణ అయిపోయాక, ముద్రల కింద వేరే చేతిరాతలో ఇంకో వాక్యం ఉంది. అదీ చదివారు: "కావున ఈ శుభదినాన కంచె తొలగించి, చేనును కెప్టెన్ గారి వారసురాలికి అప్పగిస్తున్నాము."

చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఇది తమ ప్రభుత్వ పథకమే అనుకుని కత్తెర అడిగారు. రిబ్బన్ కట్టడానికి కంచె తప్ప ఏమీ లేదు కనుక దానికే కట్టి కత్తిరించారు. కంచె కడీలు పీకించారు. ఆ చివరి వాక్యం చేతిరాత నాది లాగా ఉందని తర్వాత కొందరన్నారు. పత్రికవాడు నిష్పక్షపాతంగా ఉండాలి, కాబట్టి ఆ విషయం నేను రాయను.

యాదవ్వ మర్నాడే మక్కలు పెట్టింది. మూడొద్దులూ మేళానికి అన్నం పెట్టింది. ఉన్న ఒక్క యాటా కోసింది. "ఇంటోడనుకున్నంక యెనుకకు పోవద్దు బిడ్డా" అంది నాతో. ఆమె మీద నాకు గౌరవం, నా శాలువా ఫొటో మీద సిగ్గు రెండూ కలిగాయి.

వారం తర్వాత చైర్మన్ గారు నన్ను ఇంటికి పిలిపించారు. కంచె పోయిన దిగులుతో ఉంటారనుకున్నాను. సోఫాలో ఫోన్ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. కెప్టెన్ డైరీలో తర్వాతి పేజీ దొరికిందని వర్షిత పంపిందట.

"సదువు తమ్మీ" అన్నారు.

చదివాను. 'కొండపాక పోలేదు. ఎండకు మూడు వారాలుగా బంగళా వరండా దాటలేదు. పైవాళ్లకు రిపోర్టు పంపాలి కనుక తవ్వానని రాశాను. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇంకో నాలుగు ఊళ్లు తవ్వమన్నారు. అవీ తవ్వినట్టు రాశాను.'

పాపం, ఆరునెలల శ్రమ. తలెత్తి చూస్తే చైర్మన్ గారి కళ్లు తడిసి ఉన్నాయి, పెదవుల మీద మాత్రం చిరునవ్వు ఉంది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ప్రసూనకు కలిపారు.

"అమ్మా, కెప్టెన్ సాబ్ పటం ఇంకొకటి రాయాలె. కథ మళ్ల చెప్పియ్యాలె. మూడొద్దుల అన్నం, యాట, అన్ని నాయే... ఆఁ, ఇంటోళ్లు దొరికిన్రు. గాయన మావోడే."