కుడివైపు పువ్వు

ఆ ఉదయం ఏసీ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు పూజ చేసుకోవాలి, దేవుడి కుడివైపు నుంచి పువ్వు రాలాలి, ఆవిడ కంటి ఆపరేషనుకు బయల్దేరాలి. శుక్లాలు ముదిరిపోయాయి, ఇంకా వాయిదా వేస్తే చూపు దక్కడం కష్టమని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆవిడ మాత్రం, "కుడివైపు పువ్వు రాలితే దేవుడు సరేనన్నట్టు. అప్పుడే వస్తాను" అని భీష్మించుకుని కూర్చుంది.

దేవుడికి సవాలక్ష పనులుంటాయి, మనం కాస్త చేయి వేస్తే తప్పేమిటనుకున్నాడు అల్లుడు. తెల్లారకముందే లేచి, హాల్లో పక్కగోడ మీదున్న ఏసీ రెక్కలు సర్దాడు. గాలి అటూ ఇటూ తిరిగి సరిగ్గా ఎడమవైపు నుంచి విగ్రహం తల మీదికి వచ్చేలా చూశాడు. దీపం ఆరకుండా చుట్టూ గాజు చిమ్నీ పెట్టాడు. ఏ కస్టమరుకూ అతను ఇంత శ్రద్ధగా పని చేసిపెట్టలేదు.

అత్తగారు పూజకు కూర్చుంది. కళ్ళకు మసక తప్ప ఏమీ కనిపించదు, అయినా ఆ వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. అరచేతిలో పట్టేంత ఇత్తడి విగ్రహాన్ని పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోసి తుడిచింది. గంధం బొట్టు ఎక్కడ పెట్టాలో వేలికే తెలుసు. వత్తి వెలిగించి, దేవుడి తల మీద ఒక తెల్లపువ్వు పెట్టి చేతులు జోడించింది. అంతవరకు ఏసీ వైపే చూస్తున్న అల్లుడు కూడా ఒక్క క్షణం ఆ సంగతి మరిచిపోయాడు.

అప్పుడే పంచదార అడగడానికి ఎదురింటావిడ వచ్చింది. కొత్తగా గడ్డం పెంచుతున్న మొగుడి మీద ఆవిడకు పీకల్దాకా కోపం ఉంది.

"దేవుడా, మా ఆయన గడ్డం గీయించెయ్యనా?" అని దండం పెట్టింది.

పువ్వు రాలింది, కుడివైపే.

"అమ్మబాబోయ్!" అంటూ ఆవిడ పంచదార మరిచిపోయి పరిగెత్తింది. కాసేపటికి గడ్డం లేని మొగుడు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అతని వెనకే మేడ మీది వాళ్ళందరూ దిగారు.

"ఏమండీ, ఇంతమందిని పంపించెయ్యండి, అమ్మకు ఆలస్యమవుతోంది" అంది భార్య.

"ఉండనీవే, ముందు వాళ్ళని అడగనీ. పాపం ఎవరి బెంగ వాళ్ళది" అంది అత్తగారు.

అల్లుడికి చెమటలు పట్టాయి. ఏసీ ఆపితే అత్తగారి వంతుకు పువ్వు రాలదు. ఆపకపోతే దేవుడు అందరికీ ఊ కొట్టేస్తాడు. మేడ మీది అన్నదమ్ముల్లో అన్నగారు, "నా స్కూటరు అమ్మేయనా?" అన్నాడు. పువ్వు రాలింది. ఆ స్కూటరు మీదే రోజూ తిరిగే తమ్ముడు ఎగిరిపడి, "ఆ స్కూటరు మా ఇంట్లోనే ఉండాలా?" అన్నాడు. మళ్ళీ పెట్టిన పువ్వూ కుడివైపే రాలింది. అన్నదమ్ములు మెట్ల మీద చొక్కాలు పట్టుకున్నారు. మిగతావాళ్ళు మాత్రం, ఎవరినీ నొప్పించని దేవుడంటే ఈయనేనని లెంపలు వేసుకున్నారు.

చివరికి అత్తగారి వంతు వచ్చింది. కొత్త పువ్వు పెట్టి, "అమ్మాయ్, ఆ ఏసీ ఆపెయ్యి" అంది.

అల్లుడు నోరు తెరిచేలోపే భార్య స్విచ్చి కట్టేసింది. ఫ్యాను లేదు, కిటికీలు మూసే ఉన్నాయి. అంతమందీ ఊపిరి బిగబట్టారు. పువ్వు కదల్లేదు. ఏనాడూ దండం పెట్టని మెకానిక్ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. 'చేసిన తప్పు నాది, ఆవిడ కళ్ళను వదిలెయ్యి స్వామీ' అని లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

చాలాసేపటికి పువ్వు మెల్లగా ఒరిగి, దేవుడి కుడిచేతి మీదుగా జారి పీఠం మీద పడింది.

గాలితోనే బతుకుతున్న మనిషి కాబట్టి, ఆ గదిలో గాలి లేదని మెకానిక్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతని ఒళ్ళు జలదరించింది, కళ్ళు చెమ్మగిల్లాయి.

"పద బాబూ" అంటూ లేచింది అత్తగారు. చేయి పట్టుకుని మెట్లు దిగుతూ మెల్లగా అంది: "నా కళ్ళకు మసక గానీ చెంపకు కాదుగా. చల్లగాలి తగలగానే తెలిసిపోయింది."

"క్షమించండి అత్తయ్యా. మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నా చూపు కోసం దేవుణ్ణే మోసం చేయబోయావు. ఆ గాలి తగిలినప్పుడే వెళ్దామనుకున్నాను. పువ్వు రాలకపోయినా వచ్చేదాన్ని."

అతను ఆవిడను జాగ్రత్తగా ఆటో ఎక్కించాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. ఆ సాయంత్రమే అన్నగారు స్కూటరు అమ్మేశాడు. కొన్నది తమ్ముడు.