వాగుకు మిగలని పిక్సెళ్లు

ప్రతి వాగుకూ ఒక తెర ఉండాలి, ఆ తెరలో ఒక్క పిక్సెల్ కూడా వృథా పోకూడదు. మా మండల వరద కంట్రోల్ రూమ్ నడిచేది ఈ సూత్రం మీదే. (ఈ సంగతి వాగుకు ఎవరూ చెప్పినట్టు లేదు.)

మా తండాకూ రోడ్డుకూ నడుమ వాగు, దాని మీద చప్టా, అంటే నీళ్లకు కాస్త పైన కట్టిన పొట్టి వంతెన. అవతల గోదావరి పోటెత్తితే వాగు నీళ్లు వెనక్కి తన్ని చప్టా ఎక్కుతాయి. మా అమ్మాయి జ్యోత్స్న అవతలి ఊరి దవాఖానాలో నర్సు. సాయంత్రం ఆటోలో ఆ చప్టా దాటే ఇల్లు చేరాలి. చెడు ముందే అనుకుంటే జరగదని నా నమ్మకం. అందుకే ఆమె గడప తొక్కేదాకా అన్నీ వరసపెట్టి అనుకుంటూ కూర్చుంటాను.

చప్టాకు రెండు వైపులా గేట్లు, ఒక కెమెరా ఉన్నాయి. ఇవతలి గేటు దగ్గర బొజ్జయ్య ఉంటాడు. నీళ్లు వచ్చాయో లేదో అతను చూసి చెప్పకూడదు. కంట్రోల్ రూమ్ వాళ్లు తెర చూసి ఫోన్ చేస్తేనే గేటు దించాలి. (కన్ను అధికారిక పరికరం కాదు.)

మొదట ఆ గదిలో ఇరవై ఏడు లక్షల అరవై నాలుగు వేల ఎనిమిది వందల పిక్సెళ్లున్న వెడల్పాటి తెర ఉండేది. పిక్సెల్ అంటే బొమ్మలో ఒక చుక్క. ఇంతలో పక్క మండలం నలభై తొమ్మిది లక్షల యాభై మూడు వేల ఆరు వందల చుక్కల తెర తెచ్చుకుంది. గోడ మీద రెండూ ఒకే వెడల్పు. అయినా మన వరద వాళ్ల వరద కన్నా ఇరవై ఒక్క లక్షల చిల్లర చుక్కలు తక్కువగా వస్తోందని తెరల అధికారి బాలకృష్ణ గారు సమావేశంలో బాధపడ్డారు. మాకూ పెద్ద తెర వచ్చింది.

కెమెరా మాత్రం పాతదే. దాని బొమ్మకు అంత వెడల్పు లేదు. పాత తెరలోలాగే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగిలాయి. ఈసారి లెక్క తీస్తే పన్నెండు లక్షల అరవై ఏడు వేల రెండు వందల పిక్సెళ్లు పని లేకుండా కూర్చున్నాయని తేలింది. పని లేకుండా కూర్చోవడం ఆ ఆఫీసుకు కొత్త కాదు గానీ, లెక్కకెక్కి కూర్చోవడం కొత్త. తెర నిండేదాకా బొమ్మను పెంచమన్నారు.

పెంచితే బొమ్మలో నాలుగో వంతు తెర బయటికి పోతుంది. పైభాగం పోవడానికి వీల్లేదు. అక్కడ చప్టా ప్రారంభోత్సవం బోర్డూ, దాని మీద రిబ్బన్ కత్తిరించిన పెద్ద సారు పేరూ ఉన్నాయి. కాబట్టి కింది భాగం పోయింది. కింద ఉండేది నీళ్లే. ఆ రోజు నుంచి మా వాగుకు వరద రావడం ఆగిపోయింది.

మొన్న ముసురు పట్టిన సాయంత్రం నేను గేటు దగ్గరికి పోయాను.

"గేటు దించు బొజ్జన్నా."

"ఫోన్ రాలే అక్కా. తెర మీద అంతా పొడిగనే ఉన్నదట."

"నీ కాళ్లు తడుస్తలేవా?"

"తడుస్తున్నయ్. గవి లెక్కలకు రావు."

అప్పుడే అవతలి ఒడ్డు నుంచి జ్యోత్స్న ఫోన్ చేసింది. "అమ్మా, ఇక్కడ గేటు తెరిచే ఉన్నది. ఆటో అన్న పోదామంటున్నడు."

"నువ్వు దిగు బిడ్డా."

"ఆటోల బాలింత ఉన్నది. ఆమెను ఇడిచి నేనెట్ల దిగుత?"

కంట్రోల్ రూమ్‌లో తెర చూసే జగదీష్ మా తండా పిల్లగాడే. అతనికి ఫోన్ చేశాను.

"నీళ్లు చప్టా ఎక్కినయ్ రా."

"లేదు చిన్నమ్మా. సారు పేరు మంచిగ కనబడుతున్నది."

"బొమ్మ చిన్నగ చెయ్."

"చేస్తే పట్టీలొస్తయ్. పన్నెండు లక్షల పిక్సెళ్లు నా మీద రాస్తరు."

"ఆటోల మీ అక్క ఉన్నది."

టక్కున రిమోట్ నొక్కిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు సన్నగా వినబడింది. "చిన్నమ్మా, బోర్డు కింద మొత్తం నీళ్లే ఉన్నయ్."

రెండు ఒడ్లకూ ఫోన్లు పోయాయి, రెండు గేట్లూ పడ్డాయి. అవతలిది ఆటో ముందు చక్రాన్ని ఆనుకుని పడిందట. జ్యోత్స్న బాలింతను తీసుకుని దవాఖానాకే తిరిగిపోయింది.

మర్నాడు నివేదిక వచ్చింది. వరద నష్టం: మనుషులు లేరు, పశువులు లేవు, పిక్సెళ్లు పన్నెండు లక్షల అరవై ఏడు వేల రెండు వందలు. బాధ్యుడు: జగదీష్. ఇలాంటి నష్టం మళ్లీ జరగకుండా బొమ్మను తిరిగి నిండుగా పెంచి, రిమోట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇవాళా వాన పడుతోంది. సాయంత్రం జ్యోత్స్న ఇంటికి రావాలి. తెర మీద సారు పేరు స్పష్టంగా కనబడుతోందట.